మిగిలిన ఆయువులో చూపు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన వేదిక మీద నిలబడి మాట్లాడటం ఏ తెలుగు వైద్యుడికైనా గౌరవం, బాధ్యత కూడా.

ఆయన పేరు మీద మాట్లాడేవారు పెద్ద విషయాలే ఎంచుకుంటారు. ఫోలిక్ ఆమ్లం ఉంది, యాంటీబయాటిక్కులు ఉన్నాయి, మన కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలుకు ఆయన బృందం ఇచ్చిన హెట్రజాన్ మందు ఉంది. నేను తీసుకున్న విషయం చూడటానికి చిన్నది. శరీరంలో మరెక్కడో పుట్టిన క్యాన్సర్ కంటిలోకి పాకినప్పుడు ఆ కంటికిచ్చే రేడియేషన్ వైద్యం. మన రోగులు చెప్పుకునే తీరులో, కంటికి కరెంటు పెట్టించుకోవడం. క్యాన్సర్ వైద్య గ్రంథాల్లో దీనికి దక్కేది కొద్ది పేజీలే. అయినా, నయం కాదని తెలిసిన మనిషికి వైద్యం ఎంత చేయగలదు, ఎంత చేసి తీరాలి అన్న ప్రశ్న ఇంత స్పష్టంగా ఎదురయ్యే చోటు మరొకటి నాకు కనబడలేదు. ఆయువును ఒక్క రోజు కూడా పెంచని చికిత్స సంపూర్ణమైన వైద్యం కాగలదని, చూపును నిలిపే చికిత్సను ఆయుర్దాయపు లెక్కతో తూచడం తగదని నా వాదం.

ఈ వాదానికి మొదటి ఆధారం సుబ్బారావుగారి జీవితంలోనే దొరుకుతుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరిన ఆయన, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. తరువాత దాని పనిని అడ్డుకునే పదార్థాలు తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వెలువడిన ఆ నివేదికలో పిల్లలు 16 మంది. మెరుగుదల కనిపించింది 10 మందిలో. ఆ మెరుగుదల నిలవలేదు. వ్యాధి మళ్లీ వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. తన మందు కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇతర మందులతో కలిసి రక్త క్యాన్సర్ పిల్లల్లో ఎంతోమందిని పూర్తిగా నయం చేసే రోజు వస్తుందని చూడకుండానే వెళ్లిపోయారు.

ఈ కథను మనం సాధారణంగా చివరి విజయం వైపు నుంచి చెప్పుకుంటాం. నాటి తాత్కాలిక ఉపశమనం నేటి శాశ్వత స్వస్థతకు మెట్టు అయింది కాబట్టి విలువైనది అంటాం. ఆ మాట నిజమే కాని, నాకు అది సరిపోదు. 1948లో ఆ పదిమంది పిల్లల తల్లులకు భవిష్యత్తు వైద్యంతో పని లేదు. మంచం మీది బిడ్డ లేచి కూర్చున్నాడు, అన్నం అడిగాడు. ఆ వారాలు తమంతట తామే విలువైనవి, తరువాత ఏది వచ్చినా, ఏదీ రాకపోయినా. కంటి క్యాన్సర్ చికిత్సను ఈ దృష్టితో చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

కంటికే ఎందుకు పాకుతుంది? కనుగుడ్డు గోడలో తెల్లగుడ్డుకు, రెటీనాకు మధ్య కోరాయిడ్ అనే పలుచని పొర ఉంది. అది దాదాపు అంతా రక్తనాళాలే. కంటికి చేరే రక్తంలో అత్యధిక భాగం దీని గుండా ప్రవహిస్తుంది. రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో పుట్టిన క్యాన్సర్ కణం రక్తంలో పడి గుండె దాటి, మెడలోని ధమని మీదుగా ఎక్కివస్తే, ఈ సన్నని నాళాల వలలో చిక్కుకుంటుంది. కంటిలోపలికి పాకిన గడ్డల్లో పదింటికి తొమ్మిది దాకా ఈ పొరలోనే ఉంటాయి.

కాని రక్తం చేరే ప్రతి చోటా గడ్డ పుట్టదు. 19వ శతాబ్దపు వైద్యులను ఇదే వేధించింది. 1872లో జర్మనీలో పెర్ల్స్ అనే వైద్యుడు కోరాయిడ్‌లోకి పాకిన క్యాన్సర్‌ను వర్ణించారు. 1882లో వియన్నా నేత్ర వైద్యుడు ఎర్న్‌స్ట్ ఫుక్స్ కంటి గడ్డల మీద రాసిన గ్రంథంలో, చేరిన కణాన్ని నిలుపుకొనే స్వభావం అవయవానికీ ఉండాలన్న ఆలోచన కనిపిస్తుంది. ఏడేళ్ల తరువాత, 1889లో, లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనమైతే అవయవం నేల అని, రెండూ కుదిరినచోటే మొలక వస్తుందని ప్రతిపాదించారు. క్యాన్సర్ వ్యాప్తిని గురించి నేటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండే సిద్ధాంతమిది. పేజెట్ తన వ్యాసంలో ఫుక్స్ ఆలోచనను గౌరవంగా తలచుకున్నారు. కన్ను క్యాన్సర్ శాస్త్రానికి అంచున ఉన్న అవయవమని భావించేవారు గుర్తుంచుకోవలసిన చరిత్ర ఇది.

కోరాయిడ్‌కు పాకే గడ్డలు ఎక్కడి నుంచి వస్తాయో 1997లో ఫిలడెల్ఫియాలోని విల్స్ నేత్ర వైద్యశాలకు చెందిన షీల్డ్స్ బృందం పెద్ద ఎత్తున లెక్కగట్టింది. 420 మంది రోగులు, 520 కళ్లు. రొమ్ము నుంచి వచ్చినవి 47 శాతం, ఊపిరితిత్తి నుంచి 21 శాతం. వీటికన్నా నన్ను ఆలోచింపజేసిన సంఖ్య మరొకటి ఉంది. కంటిలో గడ్డ కనబడేనాటికి ఆ రోగుల్లో 34 శాతం మందికి తమకు క్యాన్సర్ ఉన్నట్టే తెలియదు. మసక వచ్చిందని, కళ్లద్దాలు మార్చుకుందామని వెళ్లిన మనిషికి, కంటిలో చుక్కలు వేసి కనుపాపను విప్పార్చి లోపలికి చూసిన నేత్ర వైద్యుడే ఊపిరితిత్తి క్యాన్సర్‌ను మొట్టమొదట పసిగట్టే సందర్భాలున్నాయన్నమాట. 1851లో హెల్మ్‌హోల్ట్స్ లోకానికి అందించిన ఆఫ్తాల్మోస్కోపు ప్రాణంతో ఉన్న మనిషి శరీరంలో నాళాలను, గడ్డలను కోత లేకుండా చూసే వీలు కల్పించింది. అలా చూస్తే ఈ గడ్డలు రెటీనా కింద మీగడ రంగులో, పల్చగా పరుచుకొని కనబడతాయి. కంటిలోనే పుట్టే మెలనోమా గోధుమ రంగులో పుట్టగొడుగులా లేస్తే, ఇవి తరచు రెండు కళ్లలోనూ, ఒకటికి మించి చోట్ల వస్తాయి.

రోగికి ఇవేవీ తెలియవు. తెలిసేదల్లా చూపు మారడమే. వంకర లేని గీత వంకరగా కనబడుతుంది. కంటి ముందు మెరుపులు, నీడలు కదులుతాయి. గడ్డ నుంచి ఊరిన నీరు రెటీనాను దాని స్థానం నుంచి లేపుతుంది. అప్పుడు ఒక పక్క నుంచి తెర దిగినట్టు చూపు మూసుకుపోతుంది. చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం ఇక్కడ శత్రువు. కీమో మందుల నీరసంలో, ఎముకల నొప్పుల మధ్య, కన్ను మసకగా ఉందని చెప్పుకోవడం రోగికి అల్పంగా తోస్తుంది. మధుమేహం వల్లో శుక్లం వల్లో అయి ఉంటుందిలే అని ఇంట్లోవాళ్లు సరిపెడతారు. రెటీనా లేచిపోయి వారాలు గడిస్తే చూపు తిరిగివచ్చే అవకాశం తగ్గుతుంది. ఇక్కడ పోయే కాలానికి విలువ అంతా ఇంతా కాదు.

చికిత్స చరిత్రలోకి వస్తాను. కంటిలో క్యాన్సర్ ఉంటే కన్ను తీసేయడమే చాలాకాలం పద్ధతి. కన్ను తీయడం వల్ల ప్రాణం నిలవదని తెలిసినా, కంటిలో గడ్డ ఉండగా ఊరుకోవడానికి వైద్యుల మనసు ఒప్పుకునేది కాదు. ఆ అలవాటును మార్చినవి కిరణాలు. సుబ్బారావుగారు పుట్టిన 1895లోనే, నవంబరు 8న, వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను ప్రకటించారు. 1903 నాటికే అమెరికాలోని టెక్సస్‌లో హిల్గార్ట్‌నర్ అనే వైద్యుడు పిల్లల కంటి గడ్డ మీద ఎక్స్ కిరణాలు ప్రయోగించారు. 1930 ప్రాంతంలో లండన్‌లో ఫాస్టర్ మూర్ రేడాన్ నింపిన గింజలను కంటి గడ్డలోనే అమర్చారు. ఆయన తరువాతివాడు హెన్రీ స్టాలార్డ్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచిన క్రీడాకారుడు. కనుగుడ్డు వంపుకు సరిపోయే చిన్న పలకలో కోబాల్ట్-60 అమర్చి, దాన్ని తెల్లగుడ్డు మీద కుట్టి, తగిన మోతాదు అందాక తీసేసే పద్ధతిని ఆయన స్థిరపరిచారు. 1960లలో తూర్పు బెర్లిన్‌లో లొమ్మాచ్ కోబాల్ట్ స్థానంలో రుథీనియం-106 వాడారు. దాని బీటా కిరణాలు కొద్ది మిల్లీమీటర్ల లోతుకు మించి పోవు కాబట్టి గడ్డకు అందే దెబ్బ కంటిలోని మిగతా భాగాలకు అంతగా తగలదు.

వీటిలో ఎక్కువ ప్రయత్నాలు కంటిలోనే పుట్టిన గడ్డల కోసం జరిగాయి. పాకిన క్యాన్సర్‌కు ఆ జ్ఞానం వారసత్వంగా వచ్చింది. మరో వారసత్వం పారిస్ నుంచి వచ్చింది. అక్కడి రేడియం సంస్థలో క్లాడ్ రెగో, ఆన్రీ కూతార్ 1920లలో ఒక సత్యాన్ని నిలబెట్టారు: మొత్తం మోతాదును ఒక్కసారి కుమ్మరించకుండా రోజుకు కొంచెంగా అనేక రోజులు ఇస్తే గడ్డ నశిస్తుంది, చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలం కోలుకుంటుంది. రెటీనా, కంటినరం వంటి సున్నితమైన వాటి పక్కనే ఉన్న గడ్డకు కిరణాలు పెట్టగలుగుతున్నామంటే, ఈ పంపకం వల్లనే.

నేటి పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి. ఇది ఎంత సామాన్యమైన ఏర్పాట్లతో సాధ్యమో తెలియకపోవడమే మన దగ్గర పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయం. రోగిని పడుకోబెట్టి, వేడినీటిలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జాలీతో ముఖానికి అచ్చు తీస్తారు. చల్లారి గట్టిపడిన ఆ మాస్క్ రోజూ తలను ఒకే స్థితిలో నిలుపుతుంది. దానితోనే సి.టి. స్కాన్ తీసి, కంటి వెనుక సగం, కటకం, కంటినరం ఎక్కడున్నాయో గీస్తారు. లీనియర్ యాక్సిలరేటర్ అనే రేడియేషన్ యంత్రం నుంచి కిరణాలను కణత పక్క నుంచి, కటకానికి వెనుకగా పంపుతారు. రెండు కళ్లలోనూ గడ్డలుంటే రెండు పక్కల నుంచి. పడుకున్న మనిషికి ఏమీ తెలియదు. నొప్పి లేదు, వేడి లేదు. కొద్ది నిమిషాల్లో లేచి నడిచి వెళ్లిపోతారు. రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) చొప్పున 20 రోజుల్లో 40 గ్రే, లేదా రోజుకు 3 గ్రే చొప్పున 10 రోజుల్లో 30 గ్రే ఇవ్వడం ఎక్కువగా ఉన్న వాడుక. రొమ్ము క్యాన్సర్ రోగికి రొమ్ముకు రేడియేషన్ ఇచ్చే యంత్రమే ఇది. దీని కోసం కొత్త భవనం, కొత్త యంత్రం అక్కర్లేదు.

గడ్డ చిన్నదై, ఒక్కటే అయితే పలక పద్ధతి ఉంది. ఒక ఆపరేషనులో పలక అమర్చి, కొద్ది రోజులకు మరో చిన్న ఆపరేషనుతో తీసేస్తారు. వారాల తరబడి ఆసుపత్రికి తిరగవలసిన అవసరం తప్పుతుంది. రుథీనియం పలకలను ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లం. అణు విద్యుత్ కేంద్రాలు వాడిపారేసిన ఇంధనంలో మిగిలే రుథీనియంను వేరుచేసి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఈ పలకలను దేశంలోనే తయారు చేసింది. వ్యర్థంగా మిగిలే పదార్థం నుంచి మనిషి చూపు నిలిపే సాధనం రావడాన్ని నేను మన శాస్త్రవేత్తల గొప్ప విజయాల్లో ఒకటిగా లెక్కిస్తాను.

దుష్ఫలితాలు లేవని చెప్పను. కన్ను పొడిబారుతుంది, కొన్నాళ్లు ఎర్రబడుతుంది. కటకానికి కిరణాలు తగిలితే కాలక్రమంలో శుక్లం వస్తుంది. మోతాదు హద్దు మీరితే రెటీనా నాళాలు, కంటినరం నెలలు, ఏళ్ల తరువాత దెబ్బతింటాయి. అందుకే మోతాదులో అంత జాగ్రత్త.

ఫలితమేమిటి? జర్మనీలో 50 మంది రోగులతో జరిగి 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, 20 రోజుల్లో 40 గ్రే పద్ధతిలో చికిత్స జరిగింది. అప్పటికే చూపు దెబ్బతిన్న కళ్లలో 36 శాతం మెరుగుపడ్డాయి, 50 శాతం ఉన్న స్థితిలో నిలిచాయి. ప్రతి ఏడు కళ్లలో ఆరు ఇంకా దిగజారలేదు. అదే అధ్యయనంలో మరో సంఖ్య: ఆ రోగుల్లో సగం మంది ఏడు నెలల కన్నా ఎక్కువ బతకలేదు.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టినప్పుడే అసలు ప్రశ్న లేస్తుంది. ఏడు నెలల మనిషికి నాలుగు వారాల రేడియేషన్ ఎందుకు? ఈ ప్రశ్న వేసేవారు కఠిన హృదయులు కారు. మిగిలిన జీవితంలో దాదాపు ఏడో వంతును ఆసుపత్రి వరండాలో గడపమనడం ఎంతవరకు న్యాయమని అడుగుతున్నారు. యంత్రాల ముందు వరుస పొడవుగా ఉన్న దేశంలో, నయమయ్యే రోగిని ఆపి నయం కాని రోగికి చోటివ్వడం సబబా అనీ అడుగుతున్నారు. రెంటికీ జవాబు చెప్పవలసిందే.

మొదటిదానికి జవాబు వైద్యంలోనే ఉంది. ఆయువు తక్కువని తోచినప్పుడు 20 రోజుల బదులు 10 రోజులు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ రోజుల్లో ముగించవచ్చు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యుమార్పు ఉన్నవారికి నోటి మాత్రతోనే కంటి గడ్డలు కరిగిన సందర్భాలున్నాయి. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోను మందులు పనిచేస్తాయి. చూపుకు తక్షణ ప్రమాదం లేనప్పుడు మందు మొదలుపెట్టి, కంటిని వారాల కొద్దీ కనిపెట్టి ఉండటం సరైన మార్గం. మనిషి చివరి రోజుల్లో, మంచం దిగలేని స్థితిలో ఉంటే కిరణాలు పెట్టకపోవడమే దయ. విచక్షణతో చేయవలసిన పని ఇది. కాని ఆ విచక్షణ రోగి జీవితాన్ని చూసి పుట్టాలి. నాలుగో దశ అన్న ముద్ర చూసి పుట్టకూడదు.

రెండో ప్రశ్న లోతైనది. చూపును సౌకర్యంగా భావిస్తే యంత్రం ముందు చివర నిలబెట్టవచ్చు. చూపు పోయిన క్యాన్సర్ రోగి రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. ఏ మాత్ర ఉదయం, ఏది రాత్రి అని తనంతట తాను తీసుకోలేరు. రాత్రి లేచి మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్లలేరు. పడితే, క్యాన్సర్ పాకి బలహీనపడ్డ ఎముక విరుగుతుంది. పొలం కాగితం మీద, బ్యాంకు కాగితం మీద ఏముందో చదవకుండా వేలిముద్ర వేస్తారు. చూడటానికి వచ్చిన బంధువు ముఖంలో ఏముందో తెలియదు. తన వ్యాధి గురించి ఇంట్లో వాళ్లు నోటితో చెప్పని సంగతి కళ్లతో గ్రహించే శక్తి కూడా పోతుంది. మిగిలిన ఏడు నెలలూ మరొకరి చేతుల్లోకి వెళ్లిపోతాయి, ఆ మరొకరు చాలా ఇళ్లలో కూలి మానుకొని కూర్చోవలసిన కూతురో కోడలో అవుతారు. ఆయువు ఎంత తక్కువగా మిగిలితే, అందులోని ప్రతి రోజునూ సొంతంగా గడిపే హక్కు అంత ఎక్కువ. రేడియేషన్ యంత్రం ముందు ఈ రోగి వరుసలో వెనుక కాకుండా ముందు ఉండాలని నేను వాదించేది ఇందుకే.

మన రాష్ట్రాల్లో సాధనాలు లేవనలేము. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి బీదలకు వైద్యమిస్తోంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ రేడియేషన్‌ను పేదల గడప దాకా తెచ్చింది. లోపమల్లా ఒక వైద్యుడి నుంచి మరో వైద్యుడికి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. క్యాన్సర్ వైద్యుడు కంటి గురించి అడగడు. కంటి వైద్యుడి చీటీలో రొమ్ము ఆపరేషను సంగతి ఉండదు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాదు నుంచో వచ్చే రోగి ఈ ఇద్దరి మధ్య తిరిగేలోపు రెటీనా లేచిపోతుంది.

కాబట్టి ఈ సభలోని వైద్యులకు కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాను. రొమ్ము, ఊపిరితిత్తి క్యాన్సర్ పాకినవారి ప్రతి సందర్శనలోనూ, నొప్పి ఎలా ఉందని అడిగినట్టే చూపు ఎలా ఉందని అడిగి కేస్ షీటులో రాయాలి. మార్పు ఉందన్నవారిని అదే వారంలో చుక్కలు వేసి పరీక్షించే నేత్ర వైద్యుడి దగ్గరకు పంపాలి. జిల్లా ఆసుపత్రుల్లో కళ్లద్దాల పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టులు, కారణం తెలియని మసకతో వచ్చినవారిని పూర్వం ఏదైనా గడ్డకు ఆపరేషను జరిగిందా అని అడగడం నేర్చుకోవాలి. దాతలు ఇక్కడ ఎవరైనా ఉంటే, వారికి నా మనవి: యంత్రం కొనడానికి ఇచ్చే ధనంలో కొంత, ఆసుపత్రి పక్కన రోగి, తోడు వచ్చిన మనిషి పది రోజులు వండుకు తిని ఉండగల గదులకు ఇవ్వండి. చికిత్స మధ్యలో ఆగిపోయే రోగులను నిలిపేది ఆ గదులే.